టైరు మీది కాలువలు

సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మోతె ఉంది. ఒకప్పుడు ఇది నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడింది. అప్పటి నుంచి మోతె ఆ జిల్లాలో ఒక మండలం. ఈ రోడ్డు ఇప్పుడు నాలుగు వరుసల జాతీయ రహదారి. దాని నంబరు 365 బీబీ. రోడ్డు వెడల్పయింది. బండ్ల వేగమూ పెరిగింది.

వానాకాలంలో ఈ రోడ్డు మీద రద్దీ వేరే తీరుగా ఉంటుంది. పొద్దుగాలే నాట్ల ముఠాలు ఆటోలు ఎక్కుతాయి. ముగ్గురు కూర్చునే ఆటోలో పది మంది సర్దుకుంటారు. దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కుతాయి. వాటి చక్రాలకు అంటిన బురద పెళ్లలు పెళ్లలుగా తారు మీద రాలుతుంది. దాని మీద సన్న జల్లు పడుతుంది. ఇక రోడ్డు నూనె పూసినట్టే.

అట్లాంటప్పుడు బండి జారితే అందరూ ఒకటే మాట అంటారు. "బ్రేకు కొట్టిండు గానీ బండి ఆగలే." కొందరు బ్రేకును తిడతారు. కొందరు డ్రైవరును తిడతారు. టైరు సంగతి మాత్రం ఎవరూ అడగరు. బ్రేకు ఆపేది చక్రాన్ని. చక్రం ఆగినా బండి ఆగకపోవచ్చు. బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ నడుమ ఉండే పట్టు. ఈ పాఠం ఆ పట్టు గురించి.

అరచేయంత చోటు

కారు ఎంత పెద్దదైనా, ఒక్కో టైరు నేలను తాకేది సుమారు అరచేయంత చోటులోనే. ఆటో టైరు చిన్నది. అది తాకే చోటు ఇంకా తక్కువ. ఆటోకు ఉన్నవి మూడు టైర్లు. మూడు చిన్న అరచేతులంత చోటు మీద ఆటో, డ్రైవరు, పది మంది కూలీలు, వాళ్ల సద్ది గిన్నెలు అన్నీ నిలబడాలి. మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా ఆ చోటే దిక్కు.

రబ్బరు మెత్తటి వస్తువు. బరువు పడితే రోడ్డు గరుకులోకి కొంచెం దిగుతుంది. కంకర మొనలను పట్టుకుంటుంది. ఎండిన రోడ్డు మీద ఈ పట్టు గట్టిగా ఉంటుంది. వాన పడితే రబ్బరుకూ కంకరకూ నడుమ నీళ్లు చేరతాయి. నీళ్లు ఉన్నచోట రబ్బరు రోడ్డును తాకదు. బట్టలుతికే బండ మీద సబ్బు నీళ్లలో కాలు జారుతుంది కదా. ఇదీ అట్లాంటిదే.

మరి ఆ నీళ్లను తీసేసేది ఎట్లా?

రైతుకు ఈ పని తెలుసు. మడిలో నీళ్లు ఎక్కువైతే గట్టుకు గండి పెడతాడు. నీళ్లు పిల్ల కాలువలో పడతాయి. అక్కడి నుంచి మురుగు కాలువలోకి పోతాయి. టైరు మీద కనిపించే గాడులు కూడా కాలువలే. చక్రం చుట్టూ తిరిగే పొడుగు గాడులు పెద్ద కాలువలు. పక్కకు పోయే అడ్డగాడులు పిల్ల కాలువలు. టైరు కింద నలిగిన నీళ్లు పెద్ద గాడిలోకి దూరతాయి. పిల్ల గాడుల గుండా పక్కకు చిమ్ముకుపోతాయి. వానలో లారీ పోతుంటే రెండు పక్కలా నీళ్లు ఎగజిమ్మడం అందరూ చూసిందే. ఆ నీళ్లలో చాలా భాగం టైరు కింది నుంచి వచ్చినవే. అవి బయటికి రాకపోతే లారీ కిందనే ఉండేవి.

ఒక లెక్క చూడండి. కారు టైరు వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకోండి. రోడ్డు మీద నీళ్లు 3 మిల్లీమీటర్ల మందం ఉన్నాయనుకోండి. ఒక మీటరు దూరంలో ఆ టైరు దారికి అడ్డం వచ్చే నీళ్లు 450 మిల్లీలీటర్లు. అంటే అర లీటరుకు కొంచెం తక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. అంటే ఒక్క టైరు సెకనుకు ఏడున్నర లీటర్ల నీళ్లను పక్కకు నెట్టాలి. 15 లీటర్ల బిందె అయితే రెండు సెకన్లకు ఒక బిందె. బిందె ఎత్తి గుమ్మరించడానికే మనిషికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. టైరు ఆ పని కిలోమీటర్ల తరబడి ఆగకుండా చేస్తుంది. గాడులు ఉంటేనే చేస్తుంది.

గుండు టైరు

పంక్చరు షాపు దగ్గర ఒక ఆటో ఆగింది. వెనక టైరుకు పంక్చరు. నాట్లకు పోయే ఆడవాళ్లు దిగి పక్కన నిలబడ్డారు. షాపు ముసలాయన టైరు విప్పాడు. చేత్తో తడిమాడు.

"ఏంది బిడ్డా, గుండయింది కదా టైరు?"

"ఎండాకాలమంతా దీని మీదనే తిప్పిన తాతా. ఏం కాలే. మంచిగనే పట్టింది."

"ఎండాకాలం పడతది. ఇప్పుడు వానలు కదా."

ముఠా పెద్ద కల్పించుకుంది. "ఇంత మందిమి ఎక్కుతం కదా తాతా. బరువుకు నేలకు గట్టిగ ఒత్తుకోదా?"

"ఒత్తుకుంటదమ్మా. బరువు పెరిగితే ఆపాల్సిన భారం కూడ పెరుగుతది కదా. దానికి తోడు టైరు చపిడి అయితది. ఉన్న నాలుగు గాడులు కూడ మూసుకపోతయ్. చిన్న బ్రేకులు ఎంతని ఆపుతయ్?"

"అయితే ఏం జెయ్యాలె తమ్మీ?" అని ఆమె డ్రైవరును అడిగింది. డ్రైవరు మాట్లాడలేదు. బండి అతనిది కాదు. రోజు కిరాయికి తెచ్చుకున్నది. టైరు ఎవరు కొనాలి? సేటు డ్రైవరునే కొనుక్కోమంటాడు. డ్రైవరు సేటు కొనాలంటాడు. గుండు టైర్లు రోడ్డు మీద తిరగడానికి ఇది పెద్ద కారణం. అవి ఎక్కువగా తిరిగేది కూడా కూలివాళ్లు ఎక్కే బండ్లకే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. డ్రైవరు చెప్పింది అబద్ధం కాదు. పొడి రోడ్డు మీద గాడులు లేని టైరు బాగానే పడుతుంది. నున్నటి టైరులో రోడ్డును తాకే రబ్బరు ఎక్కువ. అందుకే మోటారు పందేలలో ఎండ ఉన్నప్పుడు చాలా కార్లకు గాడులు లేని టైర్లే వేస్తారు. వాన మొదలు కాగానే కారును పక్కకు తెచ్చి గాడుల టైర్లు మారుస్తారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం జరిగింది. ఆ పందెంలో పద్ధతి వేరు. ఎండకూ వానకూ కలిపి ఒకే రకం గాడుల టైరు వాడారు. పందెం కారుకు టైర్లు మార్చే మనుషులు పక్కనే సిద్ధంగా ఉంటారు. మోతె ఆటోకు ఎవరుంటారు? అందుకని ఉన్న ఒక్క టైరే ఎండకూ వానకూ పనికిరావాలి.

గుండు టైరుతో అసలు చిక్కు ఇదే. ఎండాకాలం నాలుగు నెలలు అది ఏ తప్పూ చేయదు. నమ్మకం కుదురుతుంది. మొదటి వాన రోజున మోసం చేస్తుంది. ఆ మొదటి వాన కూడా చెడ్డదే. రోడ్డు మీద ఎన్నో నెలలుగా పడిన నూనె, దుమ్ము అప్పుడే తడిసి జిగటగా మారతాయి. పెద్ద వాన పడితే అవి కొట్టుకుపోతాయి. సన్న జల్లుకు కొట్టుకుపోవు.

పట్టు సగమైతే బండి ఆగే దూరం రెండింతలవుతుంది. వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఈ రెండు లెక్కలూ ఒకేసారి కలిస్తే ఎనిమిదింతలు. ఎండలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో బండి నడిపిన మనిషి, వానలో 40తో నడిపితే అతని ముందు అంత దూరం ఖాళీగా ఉండాలి.

నీటి మీద తేలడం

కారు, బస్సు లాంటి బండ్లకు ఇంకో ఆపద ఉంది. వేగం బాగా పెరిగినప్పుడు నీళ్లు పక్కకు పోవడానికి వ్యవధి చాలదు. టైరు ముందు నీళ్లు గుట్టపడతాయి. ఆప్ కొట్టినట్టు టైరు కిందికి చొరబడతాయి. టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. బ్రేకు నొక్కినా ఆగదు. చేతిలో స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోతుంది. ఆ సమయంలో బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీయాలి. స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి.

ఈ సంగతిని మొదట గట్టిగా పరిశీలించింది విమానాల కోసం. తడిసిన రన్‌వే మీద విమానాలు జారిపోతుండేవి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దీని మీద ప్రయోగాలు చేసి 1963లో వివరాలు అచ్చు వేసింది. అందులో తేలిన ముఖ్యమైన మాట గాలి గురించి. టైరులో గాలి ఎంత తక్కువ ఉంటే, అంత తక్కువ వేగానికే టైరు నీటి మీద తేలుతుంది.

వానాకాలంలో కొందరు కావాలనే గాలి తగ్గిస్తారు. పట్టు పెరుగుతుందని అనుకుంటారు. పొలం బురదలో ట్రాక్టరుకు అది కొంత నిజం. తారు రోడ్డు మీద మాత్రం పూర్తిగా తప్పు. గాలి తగ్గితే టైరు నడుమ భాగం లోపలికి వంగుతుంది. గాడులు ముడుచుకుపోతాయి. నీళ్లు నడుమ చిక్కుకుంటాయి.

ఆటో, మోటారు సైకిలు అంత వేగంగా పోవు. వాటి టైర్లు సన్నవి. అవి ఇట్లా తేలడం తక్కువ. వాటిని పడేసేవి పలచటి నీటి పొర, బురద, రోడ్డు మీది తెల్ల రంగు గీతలు. రెండు చక్రాల బండి ఒక్కసారి జారితే సర్దుకునే వీలుండదు.

ట్రాక్టరు టైరు ఎందుకు అట్లుంటది?

ట్రాక్టరు వెనక టైరు చూడండి. దాని మీద వేలెడు లోతు కట్లు ఏటవాలుగా ఉంటాయి. రెండు వైపుల కట్లు కలిసి బాణం మొనలా కనిపిస్తాయి. ఈ కట్లు మట్టిలోకి దిగి కాళ్లు తన్నిపెట్టినట్టు బండిని ముందుకు నెడతాయి. చక్రం తిరుగుతుంటే బురద ఏటవాలు దారి వెంబడి పక్కకు జారిపోతుంది. టైరు దానంతట అదే శుభ్రపడుతుంది. టైరును తిరగేసి బిగిస్తే బురద బయటికి పోకుండా నడుమకు చేరుతుంది. కట్ల మధ్య బురద పూడుతుంది. చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. ముందు టైరు పని వేరు. అది బండిని తిప్పాలి. అందుకని దాని మీద చుట్టూ తిరిగే పట్టీలు ఉంటాయి.

పొలంలో ఇంత బాగా పనిచేసే టైరే తారు మీద బలహీనం. రోడ్డును తాకేవి ఆ కట్ల మొనలు మాత్రమే. తాకే రబ్బరు తక్కువ, పట్టు తక్కువ. వెనక లోడుతో ట్రాలీ ఉంటుంది. చాలా ట్రాలీలకు బ్రేకులు ఉండవు. ట్రాక్టరు ఆగుతుంటే ట్రాలీ వెనక నుంచి నెడుతుంది. తడి రోడ్డు మీద, దిగుడులో ఇది మరీ ప్రమాదం. దమ్ము చేసే ఇనుప చక్రాలతో రోడ్డెక్కడం ఇంకా చెడ్డది. ఇనుము తారును పట్టదు, చీలుస్తుంది. పొలం దాటి రోడ్డెక్కే ముందు పారతో టైర్ల బురద గీకేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకున్న బురద వెనక వచ్చే మోటారు సైకిలు కిందికి పోతుంది.

అగ్గిపుల్లతో కొలత

గాడి ఎంత లోతు ఉండాలి? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ఇది ఉంది. రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లకు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. మిగతా బండ్లకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. కొత్త కారు టైరు గాడి సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది.

చట్టం చెప్పిన హద్దు చివరి హద్దు. అక్కడిదాకా టైరు బాగుందని కాదు. తడి రోడ్డు మీద పట్టు అంతకు చాలా ముందే తగ్గడం మొదలవుతుంది. వానలో తిరిగే కారుకు 3 మిల్లీమీటర్ల దగ్గరే టైరు మార్చడం మేలని తెలిసినవాళ్లు చెబుతారు.

కొలవడానికి యంత్రం అక్కర్లేదు. ఒక అగ్గిపుల్లను గాడిలో నిలువుగా పెట్టండి. గాడి అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టండి. తీసి పిల్లల స్కేలు మీద కొలవండి. స్కేలు మీది చిన్న గీతలు మిల్లీమీటర్లు. ఒకచోట కొలిస్తే చాలదు. నడుమ, రెండు అంచుల్లో కొలవాలి. అంచులు మాత్రమే అరిగితే గాలి తక్కువగా ఉంచి నడిపారని అర్థం. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. ఒకే అంచు అరిగితే చక్రం వంకర ఉంది. మేస్త్రికి చూపించాలి.

చాలా టైర్ల గాడి అడుగున చిన్న దిమ్మె ఉంటుంది. గాడి అరిగి ఆ దిమ్మెకు సమానమైతే టైరు పని అయిపోయినట్టు. దిమ్మె ఎక్కడుందో చూపడానికి టైరు అంచు మీద చిన్న ముక్కోణం గుర్తు గానీ, టీ, డబ్ల్యూ, ఐ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు గానీ వేస్తారు.

పాత టైర్ల బేరంలో ఒక మోసం ఉంది. గుండయిన టైరు మీద వేడి కత్తితో కొత్త గాడులు కోస్తారు. పైన నల్ల రంగు పూస్తారు. చూపులకు కొత్తదే. లోపల మిగిలింది పలచటి రబ్బరు. కొన్నిచోట్ల కత్తి లోపలి దారాలదాకా దిగుతుంది. ఎండలో బరువుతో పోతుంటే అట్లాంటి టైరు పగిలిపోవచ్చు. మళ్లీ గాడులు కోయడానికి వీలుగా తయారైన లారీ టైర్లు వేరే ఉన్నాయి. ఆ మాట టైరు మీదనే రాసి ఉంటుంది. రీసోలింగు వేరు. అందులో పాత టైరు మీద కొత్త రబ్బరు అతికిస్తారు. లోపలి టైరు గట్టిగా ఉండి, పని సరిగా చేస్తే అది మోసం కాదు.

మంచు దేశాల టైరు

మన దగ్గర మంచు అంటే పొద్దున పట్టే పొగమంచు. డిసెంబరు, జనవరిలో విజయవాడ రోడ్డు మీద ముందు బండి కనిపించదు. దానికి టైరు చేయగలిగింది ఏమీ లేదు. వేగం తగ్గించాలి, లైట్లు వేయాలి. అమెరికా, కెనడాలో ఉంటున్న మన పిల్లలు ఫోనులో చెప్పే మంచు వేరు. అక్కడ రోడ్డు మీద మంచు మూరల లెక్కన పడుతుంది.

ఆ చలిలో మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది. గట్టి రబ్బరు రోడ్డు గరుకులోకి దిగదు. అందుకని చలికాలం టైరును వేరే రబ్బరుతో చేస్తారు. వేడి 7 డిగ్రీల కంటే తగ్గినా అది మెత్తగా ఉంటుంది. దాని గాడులు లోతు. గాడుల నడుమ రబ్బరు దిమ్మెల మీద దువ్వెన పండ్లంత సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. ప్రతి చీలిక అంచూ మంచును గోరులా గీరుతుంది. ఇంకో వింత ఉంది. మన టైరు గాడి నీళ్లను వదిలించుకోవాలి. మంచు టైరు గాడి మంచును పట్టి ఉంచుకోవాలి. మంచును పిడికిట్లో పట్టి నొక్కితే సున్నుండలా గట్టిపడుతుంది. గాడిలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. రబ్బరు కంటే మంచుకే మంచు మీద పట్టు ఎక్కువ.

ఇట్లాంటి టైరును ఫిన్లాండు దేశంలో 1934లోనే లారీల కోసం తయారు చేశారు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలంలో ఈ టైర్లు తప్పనిసరి. ఇప్పుడు అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ టైర్లతోనే కారు నడపాలి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఆ టైరు గుర్తు. అక్కడ ఉద్యోగానికి పోయిన తెలుగువాళ్లు కారుతోపాటు రెండో జత టైర్లు కూడా కొనుక్కోవాలి.

టైరు మీది అంకెలు

అక్కడ రబ్బరు చలికి గట్టిపడుతుంది. వేడెక్కితే మళ్లీ మెత్తబడుతుంది. ఇక్కడ ఎండకు, గాలికి, ఏళ్ల తరబడి గట్టిపడిన రబ్బరు మళ్లీ మెత్తబడదు. సూర్యాపేట ఎండలో ఏళ్లు నిలబడ్డ బండి టైరుకు గాడులు నిండుగా ఉండవచ్చు. అయినా తడి రోడ్డును పట్టదు. దాని అంచు మీద జుట్టంత సన్నటి పగుళ్లు కనిపిస్తాయి.

కాబట్టి టైరు వయసు కూడా తెలియాలి. టైరు అంచు మీద ఇంగ్లీషు అక్షరాలు చాలా ఉంటాయి. అవి రాకపోయినా ఫరవాలేదు. అంకెలు వస్తే చాలు. ఒకచోట నాలుగు అంకెలు గుండ్రటి గీతలో ఉంటాయి. ఉదాహరణకు 3221 అని ఉందనుకోండి. మొదటి రెండు అంకెలు వారం. తర్వాతి రెండు అంకెలు సంవత్సరం. ఆ టైరు 2021లో 32వ వారంలో తయారైంది. అంటే ఆగస్టు నెల. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒక వైపే ఉంటాయి. కనిపించకపోతే లోపలి వైపు చూడండి. పాత టైరు కొనేటప్పుడు అమ్మేవాడు "కొత్తదే" అంటాడు. నాలుగు అంకెలు ఏమంటున్నాయో చదవండి.

ఈ టైరు అంకెలు చదవండి: 1519, 4823, 0724. ఏ టైరు అన్నిటికంటే పాతది? 4823 టైరు ఏ నెలలో తయారైంది? మీ ఊళ్లో ఆగి ఉన్న ఆటో ముందు టైరు మీద ఆ నాలుగు అంకెలు వెతకండి. అగ్గిపుల్లతో గాడి లోతు కొలిచి, రెండూ ఒకే వరుసలో రాయండి.